పాప అడిగిన ఫోటో

ప్రశ్న:

మేడమ్ గారూ, మిమ్మల్ని అక్కా అని పిలవచ్చో లేదో తెలీదు, పిలిచేస్తున్నాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాకు 43 ఏళ్లు. మా ఆయనకి ఎరువుల కొట్టుంది. పెళ్లయి పదేళ్లయినా పిల్లలు కలగలేదు, రెండుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నాం, నిలవలేదు. మా చెల్లికి అప్పటికే ఒక బాబు. రెండోసారి నెల తప్పినప్పుడు తనే నోరు తెరిచి "ఈ బిడ్డ నీకే అక్కా" అంది. మరిది గారు కూడా సరేనన్నారు. రెండో కాన్పుకి సీమంతం ఏంటని అమ్మ గొణిగినా, నా బిడ్డ కదా అని నేనే పట్టుబట్టి చెల్లికి గాజులు తొడిగించాను. పాప పుట్టిన 21వ రోజున బారసాల చేసి, గుళ్లో మా ఒళ్లో పెట్టారు. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు, నాలుగో క్లాసు. మమ్మల్ని అమ్మా నాన్నా అంటుంది, చెల్లిని పిన్నీ అంటుంది. ఊళ్లో అందరికీ తెలుసు, చుట్టాలందరికీ తెలుసు, దానికి మాత్రం తెలీదు.

మొన్నొక పెళ్లిలో మా అత్తగారి వైపు పెద్దావిడ దాని గడ్డం పట్టుకుని "ఎంత పెంచినా పోలికలెక్కడికి పోతాయే, అచ్చం కన్నతల్లే" అనేసింది. పాప అప్పుడేమీ మాట్లాడలేదు. వారం తర్వాత జడేస్తుంటే "అమ్మా, నేను నీ పొట్టలో ఉన్నప్పటి ఫోటో ఏదీ?" అంది. నా చేతులు ఆడలేదు. ఎక్కడో ఉంది, వెతుకుతాలే అన్నాను. సీమంతం ఆల్బమ్ మా అమ్మ బీరువాలో దాచేశాం, అందులో గాజులు వేయించుకుంటోంది చెల్లి, తొడుగుతోంది నేను. అప్పట్నుంచీ వారానికోసారైనా అడుగుతోంది. మా ఆయన పదో తరగతి అయ్యాక చెబుదాం అంటారు. మా అమ్మ అసలు చెప్పొద్దు, కన్నతల్లి కన్నతల్లే, చెబితే పిల్ల చేజారిపోద్ది అంటుంది. దీనికి తోడు ఈ మధ్య చెల్లి ధోరణి మారింది. రోజూ వీడియో కాల్ చేస్తోంది. మొన్న పుట్టినరోజుకి జుంకాలు తెచ్చి, నాతో ఒక్క మాటైనా అనకుండా దాని చెవులకి పెట్టేసింది. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. చెప్పాలా వద్దా? చెబితే ఎప్పుడు, ఎలా? ఇంకో మాట, స్కూల్లో మా పేర్లే ఉన్నాయి గానీ పుట్టిన సర్టిఫికెట్ చెల్లీ వాళ్ల పేర్లతో ఉంది. కాగితాలేవీ రాసుకోలేదు. ఇబ్బందా?

సమాధానం:

అక్కా అనొచ్చు చెల్లెమ్మా, నాకు అరవై దాటాయి, సంతోషంగా పలుకుతాను.

చెప్పాలా వద్దా అని అడిగారు గానీ ఆ ప్రశ్నకి కాలం చెల్లిపోయింది. మీ పాప మిమ్మల్ని అడిగేసింది. తొమ్మిదేళ్ల పిల్ల, అందులోనూ ఆడపిల్ల, పెళ్లిలో ఒక ముసలావిడ అన్న మాటని వారం రోజులు లోపల పెట్టుకుని, మీరు వెనక నుంచి జడేస్తున్నప్పుడు, అంటే మీ మొహం తనకి, తన మొహం మీకు కనపడని సమయం చూసుకుని ఆ మాట అడిగిందంటే అది ఫోటో కోసం కాదు. ఈ విషయం నీతో మాట్లాడొచ్చా అమ్మా అని అడిగింది. మీరు వెతుకుతాలే అన్నారు. పైకి అది వాయిదానే గానీ, మాట్లాడకూడదేమోనని దానికి అర్థమైపోయి ఉంటుంది. అయినా వారం వారం అడుగుతూనే ఉందంటే మీ మీద నమ్మకం ఇంకా పోలేదన్నమాట. ఒకరోజు అడగడం మానేస్తుంది. హమ్మయ్య, మర్చిపోయింది అనుకుంటారు మీరు. నాకు భయమంతా ఆ రోజు గురించే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా నాన్న దత్తుడు. సొంత పెదనాన్నకి పిల్లల్లేక ఈయన్ని పెంచుకున్నారు. కన్నతండ్రిని బాబాయ్ అనేవాడు, కన్నతల్లిని పిన్నీ అనేవాడు, ఒకే ఊళ్లో రెండు వీధుల అవతల. ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్లప్పుడు చెరువు దగ్గర ఈత కొడుతుంటే ఒకడు కోపం వచ్చి "పో రా పెంపుడోడా" అన్నాడట. ఇంటికొచ్చి ఎవరినీ ఏమీ అడగలేదు. నాతో ఈ సంగతి చెప్పింది డెబ్బై రెండో ఏట. అప్పుడైనా ఎందుకడగలేదు నాన్నా అంటే, "అడిగితే మా అమ్మ ఏడుస్తుందని" అన్నాడు. పెంచిన తల్లి మాటే అది. అరవై ఏళ్ల పాటు, తనకి తెలుసన్న సంగతి ఆవిడకి తెలియకుండా కాపాడుకుంటూ వచ్చాడు. ఆ బాబాయ్ పోయినప్పుడు పురోహితుడు దత్తు పోయావు కాబట్టి నీకు మూడు రోజుల మైల చాలన్నాడు. పదకొండో రోజున నాన్న చుట్టంలాగా అరుగు మీద కూర్చుని భోంచేసి వచ్చాడు. నేనప్పుడు చిన్నపిల్లని, నాన్న ఎందుకు ఆ రోజంతా మాట్లాడలేదో నాకు తెలీదు.

నిజం తెలిస్తే పిల్ల దూరమవుతుందని మీ అమ్మగారి భయం. మా ఇంట్లో నిజం మా నాన్నని ఎవరికీ దూరం చేయలేదు. ఎవరితోనూ అనలేక మోసినందుకు మాత్రం అందరి మధ్యా ఒంటరిగా బతికాడు. మీ పాప అలా మోయడం మొదలుపెట్టి ఇప్పటికి కొన్ని వారాలే అయింది, ఇంకా దింపేయొచ్చు.

పదో తరగతి అయ్యాక అంటున్నారు మీవారు. మగవాళ్లకి ప్రతిదీ పదో తరగతి అయ్యాకే. ఆయన్ని తప్పుపట్టను, పిల్ల చదువు పాడవుతుందని ఆయన దిగులు. కానీ పదిహేనేళ్ల పిల్లకి అసలే తనెవరో తనకే అర్థం కాని రోజులు. ఆ వయసులో ఈ మాట చెబితే, విషయానికంటే "ఇన్నేళ్లూ దాచారు, ఊరందరికీ తెలిసి నాకొక్కదానికే తెలీదు" అన్నది ఎక్కువ కోస్తుంది. పైగా అప్పటిదాకా ఆగుతుందని ఎవరు హామీ? ఫోన్ చేతికొస్తుంది, పిన్ని కొడుకు ఉన్నాడు, కజిన్ల వాట్సాప్ గ్రూపు ఉంటుంది, ఇంకో పెళ్లి ఉంటుంది, ఇంకో ముసలావిడ ఉంటుంది. పదో తరగతి పరీక్షకి పేర్లు పంపేటప్పుడు తల్లీ తండ్రుల పేర్లు సరిచూసుకోమని స్కూలువాళ్లు కాగితం చేతిలో పెడతారు, పుట్టిన సర్టిఫికెట్ కూడా తెమ్మనొచ్చు, ఇక్కడో పేరు, అక్కడో పేరు. మీ పాప తన కథని ఒక గుమస్తా నోటి నుంచి వినాలా?

భారతంలో కర్ణుడికి జరిగింది ఇదే కదా. అందరం కుంతి బిడ్డని వదిలేసిందని అంటాం గానీ, నాకు మాత్రం దానికంటే ఆవిడ చెప్పిన సమయం చూస్తేనే ఒళ్లు మండుతుంది. యుద్ధం ముంచుకొచ్చాక, ముందు కృష్ణుడు వచ్చి చెబుతాడు, తర్వాత గంగ ఒడ్డున ఆవిడ చెబుతుంది, ఇద్దరికీ ఆ పూట అతనితో పనుంది. అంత ఆలస్యంగా తెలిసినా అతనేమన్నాడు? నన్ను చూడగానే రాధకి పాలు చేపుకొచ్చాయి, నా మలమూత్రాలు ఎత్తిపోసింది ఆవిడ, ఆవిడ పిండం నేనెలా కాదంటాను అన్నాడు. రాజ్యం ఇస్తామన్నా రాధేయుడిగానే ఉండిపోయాడు. కన్నతల్లి కన్నతల్లే అంటున్న మీ అమ్మగారికి ఈ మాట చెప్పండి. వినకపోతే తిరుమల కథ చెప్పండి. ఆవిడ తప్పకుండా కొండకి వెళ్లే మనిషై ఉంటారు. శ్రీనివాసుడి తరఫున పెళ్లి మాట్లాడటానికి వెళ్లింది వకుళమాత, పెంచిన తల్లి. పెళ్లికూతురు పద్మావతి, ఆకాశరాజు యజ్ఞం కోసం నేల దున్నిస్తుంటే తామరపువ్వులో దొరికిన బిడ్డ. అటు పెంపుడు తల్లి, ఇటు పెంపుడు కూతురు, మన ఇళ్లలో కల్యాణం చేయించుకునేది ఆ పెళ్లికే. మరి పెంపకం అనగానే గొంతు తగ్గించడం ఎక్కడ నేర్చుకున్నామో నాకర్థం కాదు.

ఇక మీరు ముందుగా మాట్లాడాల్సింది పాపతో కాదు, మీ చెల్లితో.

మీ ఉత్తరంలో ఆ జుంకాల వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. నాతో ఒక్క మాటైనా అనకుండా అని రాశారు. మీ బాధ నిజమే, తల్లి మీరు, మిమ్మల్ని అడగాల్సింది. కానీ ఒక్కసారి తన వైపు నుంచి చూడండి. ఇరవై ఒక్క రోజులు పాలిచ్చి, బిడ్డని మీ ఒళ్లో పెట్టి, నిండిన రొమ్ములతో ఇంటికి వెళ్లింది తను. ఆ రాత్రి ఎవరైనా తన పక్కన కూర్చున్నారా? తర్వాతైనా ఎవరైనా ఎలా ఉన్నావే అని అడిగారా? ఇచ్చింది కాబట్టి అయిపోయిందనుకుంటాం, ఇచ్చిన మనిషి ఏడవకూడదు అనుకుంటాం, ఏడిస్తే మళ్లీ అడుగుతుందేమోనని పుచ్చుకున్నవాళ్లకి భయం. ఆ భయం వల్లే మీరూ అడిగి ఉండరు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ దుఃఖం జుంకాల రూపంలో బయటకొచ్చి ఉండొచ్చు. నేను తప్పుగా ఊహిస్తూ ఉండొచ్చు, తను మామూలుగా పిన్ని ముచ్చట కొద్దీ కొనిందేమో. ఏదైనా సరే, మీరిద్దరే, మగవాళ్లు లేకుండా, అమ్మ లేకుండా, ఒక పూట కూర్చోండి. "నీకెలా ఉందే" అన్నదే మీ మొదటి మాట కావాలి. జుంకాల సంగతి చివర్లో మాట్లాడుకోవచ్చు. పాపకి చెప్పబోతున్నాం, నువ్వు లేకుండా చెప్పలేను అనండి. తనకి కూడా ఈ గుట్టు బరువుగానే ఉండి ఉంటుంది, పిన్నీ అని పిలిపించుకున్న ప్రతిసారీ.

ఆ మాటల్లోనే కొన్ని తేల్చుకోవాలి. బట్టలైనా నగలైనా మీకు చెప్పి ఇవ్వాలి. పాప కోపం మీద "పిన్ని దగ్గరకి వెళ్లిపోతా" అంటే తను ఫోన్లో "రా తల్లీ" అనకూడదు, "సెలవుల్లో వద్దువుగాని, ముందు అమ్మతో మాట్లాడు" అనాలి. పాప అడిగే వాటిలో ఒక్కదానికి మాత్రం తనే జవాబు చెప్పాలి, దాని సంగతికి వస్తాను.

పాపకి ఎలా చెప్పాలంటారా? పండగ రోజు వద్దు, పుట్టినరోజు అసలే వద్దు, ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు వద్దు, పడుకోబోయే ముందు వద్దు, చెప్పేసి దీపం ఆర్పేస్తే రాత్రంతా చీకట్లో ఒక్కతే ఆలోచించుకుంటుంది. ఒక మామూలు ఆదివారం పొద్దున, టిఫిన్లయ్యాక, మీరూ మీవారూ ఇద్దరూ. కొట్టు ఆ పూటకి మూసేయమనండి. కౌన్సెలింగ్ గదిలో కూర్చున్నట్టు ఎదురెదురుగా కూర్చోబెట్టకండి, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చెప్పినా పర్లేదు, చేతులకి పనుంటే మాట తేలిగ్గా వస్తుంది. మొదలు దాని ప్రశ్న నుంచే. "నువ్వు ఫోటో అడిగావు కదా, నేను వెతుకుతానని అబద్ధం చెప్పాను. నువ్వు నా పొట్టలో ఉన్న ఫోటో లేదమ్మా, ఎందుకంటే నువ్వు పిన్ని పొట్టలో పెరిగావు. మాకు పాప కావాలని ఎంతో ఆశ, నాకు పుట్టలేదు. పిన్ని, బాబాయ్ ఆలోచించుకుని, నువ్వు పుట్టకముందే నువ్వు మా పాపవని అందరం అనుకున్నాం. ఇరవై ఒక్క రోజుల నుంచీ నువ్వు మా దగ్గరే ఉన్నావు." అంతే. ఇంతకంటే ఒక్క వాక్యం ఎక్కువ వద్దు. తర్వాత నోరు మూసుకుని కూర్చోవడమే కష్టం, మీరు కంగారులో పది వాక్యాలు చెప్పేస్తారు, చెప్పకండి. ఆ అబద్ధం సంగతి మాత్రం తప్పకుండా ఒప్పుకోండి, పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం పిల్లలకి పెద్ద ధైర్యం.

కొన్ని మాటలు మన నోళ్లలో ఊరికే వచ్చేస్తుంటాయి, వాటిని ఆపుకోవాలి. "నిన్ను మాకిచ్చేశారు" అనకండి, ఇచ్చేయడానికి అది గిన్నె కాదు. "నిన్ను మేం తెచ్చుకోకపోతే" అని మొదలయ్యే వాక్యం ఏదైనా సరే, ఏ కోపంలోనైనా సరే, ఈ జన్మలో వద్దు. పిల్లలు కృతజ్ఞత చూపించాలని మనం పెంచం, మీరైనా పాప కడుపు చూసే కదా అన్నం పెడుతున్నారు. "ఎవరితోనూ అనకు" అని కూడా వద్దు. దానికి బదులు "ఇది రహస్యం కాదు, నీ సొంత విషయం. నీకు చెప్పాలనిపించినవాళ్లకి చెప్పుకో" అనండి. రహస్యం అంటే సిగ్గుపడాల్సింది ఏదో ఉందని అర్థమవుతుంది, సొంత విషయం అంటే తాళం చెవి దాని చేతిలో పెట్టినట్టు.

ఇప్పుడు ఆ ఒక్క ప్రశ్న. చుట్టాల మధ్య పెంపకంలో మాత్రమే వచ్చేది, ఆశ్రమం నుంచి తెచ్చుకున్న పిల్లలు అడగనిది: "మరి అన్నయ్యని ఎందుకు ఉంచుకున్నారు? నన్నే ఎందుకు?" వెంటనే అడగకపోవచ్చు, నెల తర్వాతో రెండేళ్ల తర్వాతో అడుగుతుంది. ఆడపిల్లనని ఇచ్చేశారా అన్న అనుమానం కూడా దీని వెనకే ఉంటుంది, మన ఊళ్లలో పెరిగే పిల్లకి రాకుండా ఎలా ఉంటుంది? మీ విషయంలో జవాబు మంచిదే ఉంది. ఆడో మగో తెలియకముందే మీ చెల్లి మాటిచ్చింది. అది పిన్ని నోటితోనే, పాపని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి, "నువ్వొద్దని కాదు, అక్క ఏడుపు చూడలేకపోయాను, నిన్ను వదిలి వెళ్లిన రోజు నేనూ ఏడ్చాను" అని. ఏడ్చానని చెప్పడం తప్పేం కాదు, తనకోసం ఒకరు ఏడ్చారని తెలియడం పిల్లకి అవసరం. అప్పుల్లో ఉన్నామనో, జాతకంలో ఉందనో లేని కారణాలు కల్పించొద్దు. పిల్ల పెద్దదై లెక్కలు వేసుకుంటుంది, అప్పుడు బాబాయ్ కారు కొన్న సంవత్సరం కూడా దానికి గుర్తొస్తుంది.

చెప్పిన రోజు ఏమీ జరగకపోవచ్చు. ఓహో అని సైకిలేసుకుని ఆడుకోవడానికి వెళ్లిపోవచ్చు. మీరు ఊపిరి పీల్చుకున్న నాలుగో రోజున, హోంవర్క్ చెయ్యమంటే "నువ్వు మా అమ్మవేం కాదు" అంటుంది. ఆ మాట వినడానికి ఇప్పట్నుంచే సిద్ధంగా ఉండండి. కన్న పిల్లలైతే "నువ్వు చెడ్డ అమ్మవి" అంటారు, దీనికి ఇంకో రాయి దొరికింది, అంతే. "అమ్మనే. హోంవర్క్ చెయ్యి" అనండి, గొంతు పెంచకుండా. ఏడవాలనిపిస్తే బాత్రూంలోకి వెళ్లి ఏడవండి, దాని ముందు వద్దు, మా నాన్న కథ గుర్తుంది కదా, మీ కన్నీళ్లు చూస్తే అది ఇంక అడగదు. కొన్నాళ్లు పక్క తడపడం, మిమ్మల్ని వదలకుండా తిరగడం, లేదా ఊరికే విసుక్కోవడం ఉంటే కంగారుపడకండి. నెలల తరబడి తిండీ నిద్రా చదువూ అన్నీ దెబ్బతింటే మాత్రం పిల్లల మానసిక వైద్యుల దగ్గరకి తీసుకెళ్లండి, గుంటూరు, విజయవాడల్లో ఉన్నారు, అందులో నామోషీ ఏమీ లేదు. ఇది ఒక్కసారి చెప్పేసి చేతులు దులుపుకునే విషయం కూడా కాదు. తొమ్మిదేళ్లకి ఒకలా అర్థమవుతుంది, పెద్దమనిషి అయినప్పుడు ఇంకోలా, తను కడుపుతో ఉన్నప్పుడు ఇంకోలా. ఆ మూడుసార్లూ అడగగలిగే ఇల్లు ఉండాలి దానికి.

మరి పిలుపులు మారతాయా అని మీకు లోపల దిగులుగా ఉండి ఉంటుంది, రాయలేదు గానీ. చూడండి, మన భాష మీకు ఎంత సాయం చేస్తోందో. పిన్ని అంటే పినతల్లే. పెద్దమ్మలో అమ్మ ఉండనే ఉంది. అన్నదమ్ముల పిల్లలకీ, అక్కచెల్లెళ్ల పిల్లలకీ కజిన్ అనే మాటే అక్కర్లేదు మనకి, మీ పాపకి ఆ అబ్బాయి నిన్నా అన్నయ్యే, రేపూ అన్నయ్యే. ఒక్క పిలుపు కూడా మార్చక్కర్లేదు. పాపకి ఎప్పుడైనా ఒకసారి పిన్నిని అమ్మా అని పిలిచి చూడాలనిపిస్తే పిలవనివ్వండి, నోట్లో ఆ మాట ఎలా ఉంటుందో చూసుకుంటుంది. మీ అమ్మతనం అందులో ఏమీ తరిగిపోదు.

అసలు మన దగ్గర కుటుంబం ఎప్పుడు ఒకే అచ్చులో ఉంది? మన జిల్లాల్లోనే ఇల్లటం ఉండేది, కొడుకుల్లేని ఇంట్లో అల్లుణ్ని తెచ్చిపెట్టుకుని కొడుకులా ఆస్తిలో వాటా ఇచ్చేవాళ్లు, ఆ ఆచారాన్ని బ్రిటిష్ కాలంలో మద్రాసు హైకోర్టు కూడా ఒప్పుకుంది. జగిత్యాల వైపు, కడప వైపు వెళ్లండి, అమ్మా నాన్నా గల్ఫ్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర, ఆ పిల్లలకి అమ్మ ఎవరంటే అమ్మమ్మ కొంగు పట్టుకుంటారు. జిల్లాల్లో దిక్కులేని పసిబిడ్డల్ని చూసుకునే శిశుగృహలున్నాయి, అక్కడ్నుంచి ఒంటరి మహిళలు కూడా బిడ్డల్ని ఇంటికి తెచ్చుకుంటున్నారు. కేంద్ర దత్తత సంస్థ కారా ద్వారా 2024-25లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,515. ఇంత దేశానికి ఇది చాలా చిన్న అంకె, మీలాగా ఇంట్లో వాళ్లు గుళ్లో ఒళ్లో పెట్టుకున్న పిల్లలు ఆ లెక్కలో లేరు. ఆ పద్ధతిలో తెచ్చుకున్నవాళ్లయితే గుట్టుగా ఉంచుకోవచ్చు కదా అనుకుంటారేమో, వాళ్లకీ కుదరదు. పద్ధెనిమిదేళ్లు నిండాక తన పుట్టుక వివరాలు వెతుక్కునే హక్కు ఆ పిల్లలకి నిబంధనల్లోనే ఉంది. అమెరికాలో మనవాళ్లు సరదాకి ఉమ్మి గొట్టంలో పోసి డీఎన్‌ఏ పరీక్షకి పంపుతున్నారు, ఏ కొమ్మ ఏ చెట్టుదో ఈమెయిల్‌లో వచ్చేస్తోంది. రక్తం సంగతి దాచే రోజులు ఎవరికీ లేవిక.

కాగితాలు. ఇబ్బందే, కానీ తీరని ఇబ్బంది కాదు. మీరు హిందువులు కాబట్టి 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం మీకు వర్తిస్తుంది. దాని ప్రకారం దత్తహోమం అనే తంతు చేయకపోయినా దత్తత చెల్లుతుంది, కానీ కన్నవాళ్లు ఇవ్వడం, పెంచేవాళ్లు పుచ్చుకోవడం నిజంగా జరగాలి, రెండు వైపులా భార్యాభర్తల ఒప్పుదల ఉండాలి. గుళ్లో మీ ఒళ్లో పెట్టారు చూశారా, అదే చట్టం అడిగేది. ఆ రోజు ఫోటోలు జాగ్రత్త చేయండి. డబ్బు చేతులు మారకూడదు, మీ దగ్గర ఆ మాటే లేదు. మీకు లేనిది రుజువు. నలుగురూ సంతకాలు పెట్టి, ఇద్దరు సాక్షులతో దత్తత పత్రం రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి, ఫలానా రోజున దత్తత జరిగిందని అందులో రాయించొచ్చు. రిజిస్టరైన పత్రం ఉంటే, కాదని ఎవరైనా రుజువు చేసేదాకా కోర్టు దాన్ని సక్రమమైన దత్తతగానే చూస్తుంది. రేపు మీవారి తరఫు వాళ్లు ఆస్తి దగ్గర పేచీ పెడితే మీ పాపకి గొడుగు అదే. ఆ పత్రంతో పుట్టిన సర్టిఫికెట్లో పేర్ల మార్పుకి, పాప పుట్టుక ఎక్కడ నమోదైందో ఆ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి, అక్కడ కొంచెం తిప్పించుకుంటారు, అందుకని పత్రం రాసేటప్పుడే ఈ పనులు తెలిసిన లాయర్‌ని పెట్టుకోండి, స్టాంపు వెండర్ దగ్గర పాత నమూనా కొట్టించుకోవద్దు.

ఇదే కాకుండా బాలల న్యాయ చట్టం కింద చుట్టాల దత్తత అని ఇంకో దారి కూడా ఉంది, పిన్నీ బాబాయ్, అత్తా మామ, పెద్దమ్మ, తాత అమ్మమ్మల్లాంటి దగ్గరివాళ్ల కోసం. కారా వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుంటే జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లు విచారిస్తారు, 2022 సెప్టెంబరు నుంచి ఉత్తర్వు కోర్టు కాకుండా కలెక్టర్ ఇస్తున్నారు. మీకు ఏది సరిపోతుందో లాయర్ చెబుతారు, నేను ఇక్కడ దాని గురించి చెప్పడానికి కారణం వేరు. ఆ పద్ధతిలో బిడ్డకి ఐదేళ్లు నిండితే బిడ్డ ఒప్పుదల కూడా తీసుకోవాలి. ఐదేళ్ల పిల్లని అడగమంటోంది ప్రభుత్వం, మనం తొమ్మిదేళ్ల పిల్లకి చెప్పడానికి ఇంట్లో పంచాయితీ పెట్టుకున్నాం.

చట్టంలో మీ నిద్రకి పనికొచ్చే మాట ఇంకొకటుంది. చెల్లిన దత్తతని రద్దు చేయడం కుదరదు. మీరు వద్దనుకున్నా కుదరదు, మీ చెల్లి కావాలనుకున్నా కుదరదు, పాప తనే వెనక్కి వెళ్లిపోతానన్నా కన్నవాళ్లింటి బిడ్డగా మళ్లీ మారలేదు. అలాగని పుట్టింటిని మర్చిపొమ్మని చట్టం చెప్పదు, పెళ్లి వరసల దగ్గర కన్నవాళ్ల వైపు చుట్టరికం అలాగే నిలిచి ఉంటుందని అందులోనే రాశారు. బాబాయ్ అన్నదమ్ముల పిల్లలు ఈ పాపకి ఎప్పటికీ అన్నదమ్ములే, అది తెలియకుండా ఎదగనిస్తే వచ్చే చిక్కు మీకు నేను చెప్పక్కర్లేదు. డాక్టర్ దగ్గర ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా, థైరాయిడ్ ఉందా అని అడిగినప్పుడు మీరు ఇన్నాళ్లూ ఎవరి సంగతి చెప్పారు?

మీ అమ్మగారితో, అత్తగారి వైపు ఆ పెద్దావిడతో మీరు వాదించకండి. పాపకి చెప్పేశాక ఒక్క ఫోన్ చేసి "దానికి అంతా తెలుసు, ఇంక ఎవరూ గుసగుసలాడక్కర్లేదు" అని చెప్పండి, సరిపోతుంది. ఆ పెద్దావిడ మీద కోపం పెట్టుకోకండి, మీరు తొమ్మిదేళ్లుగా చేయలేని పని ఆవిడ వక్కాకు నముల్తూ సగం చేసిపెట్టింది.

వచ్చే ఆదివారానికి ముందు మీ చెల్లిని రమ్మనండి. ఇద్దరూ కలిసి అమ్మ దగ్గరకి వెళ్లి, బీరువా తీయించి ఆ ఆల్బమ్ ఇంటికి తెచ్చుకోండి. పాప ఫోటో అడిగింది, మీ దగ్గర ఫోటో ఉంది. పాప పిన్ని పొట్టలో ఉంది, పిన్ని కూర్చుని ఉంది, రెండో కాన్పుకి సీమంతం ఏంటన్నవాళ్లందరినీ కాదని గాజులు తొడుగుతున్న అమ్మ పక్కనే ఉంది. అందులో ఎవరెవరు ఎక్కడున్నారో వేలు పెట్టి చూపించండి.